కవరు కొనేముందు పెన్ను కొనండి

మా వాళ్ల ఇళ్లలో పెండ్లి పత్రికల మీద పేర్లు రాసే పని ఎప్పుడూ నాదే. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా మేనత్త పెండ్లికి మొదలైంది, రాత గుండ్రంగా ఉంటుందని మా నాయన చాప వేసి కూర్చోబెట్టాడు. అప్పటినుంచి తిరుపతిలో మా బంధువుల్లో ఎవరింట్లో ముహూర్తం పెట్టుకున్నా కవర్ల కట్ట, రెండు నీలం పెన్నులు, పేర్ల జాబితా ఉన్న పాత నోటుబుక్కు నా ముందుకు వచ్చి పడతాయి. ఇన్నేళ్లలో నేను పెన్ను గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. దొరికిన దాంతో రాసేశా. పోయిన వైశాఖంలో మా అన్న కూతురి పెండ్లికి మాత్రం మొదటి కవరు తీసి, అలవాటుగా బాల్‌పెన్నుతో 'శ్రీమతి' అని రాసి చూస్తే కవరు మీద ఏమీ లేదు. వేలితో తడిమితే గీత పడినట్టు తెలుస్తోంది, కంటికి మాత్రం కనిపించదు. కాకికి కాటుక పెట్టినట్టుంది.

కవరు ముదురు నీలం. పైన సన్నటి మెరుపు పూత. లోపల పత్రిక క్రీమ్ రంగు, దాని సంగతి బాగానే ఉంది. మా కోడలు పిల్ల (అన్న కూతుర్ని మేమట్లే పిలుస్తాం) వాళ్లమ్మను తీసుకుని చెన్నై ప్యారీస్ కార్నర్‌లో అండర్సన్ వీధికి పోయి, ఒక రోజంతా అంగళ్లు తిరిగి ఎంచుకుని వచ్చింది. తిరుపతిలో దొరకవా అంటే దొరుకుతాయి, కానీ మూడున్నర గంటలు బస్సులో పోయి తెచ్చుకుంటేనే మావాళ్లకు అది పెండ్లి కొనుగోలు కింద లెక్క. పేర్లు మొత్తం 280, కవర్లు ఇంకొన్ని ఎక్కువే. అంగడాయన పత్రిక మీద అక్షరాలు ఎంత లావుండాలో, వినాయకుడు ఎడమ పక్కా మధ్యలోనా అన్నీ అడిగాడట. కవరు మీద పేరు దేనితో రాస్తారని ఆయనా అడగలేదు, మావాళ్లూ అడగలేదు.

నా వాదన ముందే చెప్పేస్తా, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం. ముదురు కవరు కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. దాని మీద బంగారు రంగు పెన్నుతో రాయొద్దు. పేరును స్టిక్కర్ మీద ప్రింటు తీసి అంటించొద్దు. తెల్ల సిరాతో, చేత్తో, మామూలుగా రాసేదానికంటే పెద్దగా రాయండి. పోస్టులో పోయే వాటికి చిరునామా మటుకు తెల్ల కాగితం మీద రాసి కింద అంటించండి, అందులో సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. ఈ నాలుగు ముక్కలు తెలుసుకోవడానికి మాకు నలభై కవర్లు పాడయ్యాయి, ఇంట్లో రెండు గొడవలయ్యాయి.

మొదటి గొడవ మా అమ్మది. కవరు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఏంది మే ఇది, ఇంత కర్రెగా ఉండాది, ఇది పెండ్లి పత్రికా?" అనింది. కోడలు పిల్ల "జేజీ, అది నలుపు కాదు, నేవీ బ్లూ" అంటే, "నీ బ్లూ నువ్వే పెట్టుకో, రేత్రి పూట చూస్తే ఏదైనా కర్రెనే" అనింది. నవ్వుకున్నాం కానీ ఆమె అన్నదాంట్లో విషయం ఉంది. మన దగ్గర నల్ల సిరాతో అచ్చేసేవి కర్మ కార్డులు. పెండ్లి పత్రిక ఎరుపులోనో, ఆకుపచ్చలోనో, మెరూన్‌లోనో అచ్చవుతుంది, నాలుగు మూలలా పసుపు ఉంటుంది. మా చిన్నప్పుడు పోస్టుమ్యాన్ చేతిలో కార్డు చూడగానే, చదవకముందే, మంచిదో చెడ్డదో మా అమ్మకు తెలిసిపోయేది. 'అశుభం' అని రాసి వచ్చిన కార్డును గడప బయటే చదివి చించేసేవాళ్లు. అట్లా కవరు చూసే సంగతి పట్టేయడం అలవాటైన మనిషికి ముదురు నీలం చూస్తే గుండె గుభేలుమనడంలో తప్పు లేదు. అయినా నేను కోడలు పిల్ల పక్కే ఉన్నా. రంగులు మారతాయి. మా అమ్మ పెండ్లినాడు ఎవరైనా ఆకుపచ్చ పత్రిక వేయిస్తే కూడా ఏదో అనే ఉంటారు. నా పట్టింపు రంగు మీద కాదు, ఆ రంగు మీద మనిషి పేరు కనపడిందా లేదా అన్నదాని మీద.

ఇక బంగారం సంగతి. అంగట్లో పత్రికలతో పాటు రెండు గోల్డ్ పెన్నులు ఊరికే ఇచ్చారు. ముదురు కవరు అనగానే అందరి నోటా వచ్చే మాట అదే కదా, గోల్డ్‌తో రాస్తే అదిరిపోతుంది. నిజంగానే మొదటి పది కవర్లు రాసినప్పుడు అదిరిపోయింది. కిటికీ పక్కన, పొద్దున పదిగంటల వెలుతురులో, నా చేతిరాత నాకే గుళ్లో శిలాఫలకంలా కనిపించింది. కోడలు పిల్ల ఫోటోలు తీసి స్నేహితులకు పంపింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన అన్న, ట్యూబ్‌లైటు కింద నిలబడి ఒక కవరు తీసి, "ఇది ఎవురికి?" అన్నాడు. రాసుంది చూడు అన్నా. కవరును పైకెత్తాడు, దించాడు, పక్కకు వంచాడు. ఒక కోణంలో పేరు సగం వెలిగింది, మిగతా సగం నీలంలో కలిసిపోయింది. ఇంకో కోణంలో మొత్తం తెల్లగా మెరిసి ఏ అక్షరమూ తెలియలేదు. కళ్లజోడు తెచ్చుకుని, "పీలేరు చిన్నాయనా ఇది?" అని అడిగాడు. కాదు, పుత్తూరు అత్తగారిది.

దీనికి కారణం కష్టమైనదేమీ కాదు. బంగారు, వెండి సిరాల్లో ఉండేది లోహపు పొడి లాంటి సన్నటి రేకులు, ఒక్కో రేకూ ఒక చిన్న అద్దం. అద్దం వెలుతురును ఒక దిక్కుకే కొడుతుంది. మీ కన్ను ఆ దిక్కులో ఉంటే మెరుస్తుంది, లేకపోతే చీకటి. తెల్ల సిరాలో ఉండేది టైటానియం డయాక్సైడ్, గోడలకు వేసే తెల్ల పెయింటులో ఉండేదే, అది పడిన వెలుతురును అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది, అందుకే ఎటునుంచి చూసినా తెల్లగానే ఉంటుంది. పైగా మా కవరుకే మెరుపు పూత ఉంది కదా, మెరిసేదాని మీద మెరిసేది రాస్తే ఇక చదివేదేముంది. కొన్నవాళ్లు కవరును ఎప్పుడూ అంగట్లో, తెల్లటి బల్బుల కింద, చేతిలో తిప్పుతూ చూస్తారు. అందుకున్నవాళ్లు సాయంత్రం వరండాలో చూస్తారు, లేదా పోస్టుమ్యాన్ సైకిలు మీద, ఎండలో, కట్టలోంచి సగం బయటికి లాగి చూస్తాడు. రాయాల్సింది వాళ్లకోసం.

గోల్డ్ పోయాక కోడలు పిల్ల "అత్తా, నీకెందుకు శ్రమ, ప్రింటు తీసేద్దాం" అంది. పేర్లన్నీ ఎక్సెల్ షీట్‌లో ఉన్నాయి కాబట్టి నొక్కితే వచ్చేస్తాయని దాని ఆలోచన. లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక ప్రింటింగ్ షాపులో అడిగితే అతను నవ్వి, మామూలు ప్రింటర్‌లో తెలుపు ఉండదు మేడమ్ అన్నాడు. ఈ సంగతి నాకు ఆరోజే తట్టింది. ప్రింటర్‌లో ఉండేవి నీలం, గులాబీ, పసుపు, నలుపు, ఈ నాలుగే. తెలుపు కావాల్సిన చోట ప్రింటర్ ఏమీ వేయదు, కాగితాన్ని వదిలేస్తుంది. కాగితమే ముదురైతే వదిలేయడానికి తెలుపెక్కడిది? స్క్రీన్ ప్రింటింగ్‌లో తెలుపు చక్కగా పడుతుంది, కానీ దానికి ఒక్కో మ్యాటర్‌కి ఒక్కో స్క్రీన్ తయారుచేయాలి. 280 మందికీ ఒకే మాట అయితే సరే, 280 పేర్లకు 280 స్క్రీన్‌లు ఎవరు చేస్తారు. అంటే అచ్చు యంత్రం కూడా ఈ పనిని మన చేతికే వదిలేసింది.

ఇక్కడ నాకు శ్రీకాళహస్తి గుర్తొచ్చింది. కలంకారీ చేసేవాళ్లు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టి, బెల్లం, ఇనుము ఊరబెట్టిన నల్ల ద్రావకంలో వెదురు కలం ముంచి గీస్తారు. నలుపు గీతలు చేత్తో వేస్తారు, తెలుపు ఎక్కడ కావాలో అక్కడ బట్టను అట్లాగే ఉంచేస్తారు. వందల ఏళ్లుగా మన చేతికి అలవాటైన పద్ధతి అదే, లేత దాని మీద ముదురు. దాన్ని తిరగేసింది ఒక్క బడిలోనే, నల్ల పలక మీద బలపం. ఈ బలపం మాట ఊరికే అనలేదు, కాసేపట్లో దాని అవసరం పడుతుంది.

ప్రింటు కుదరలేదని కోడలు పిల్ల స్టిక్కర్ల దగ్గరికి వచ్చింది. తెల్ల స్టిక్కర్ షీట్, ఒక్కో దాంట్లో పేరు, అంటించేస్తే గంటలో పని అయిపోతుంది. రెండో గొడవ ఇదే, ఇది నాకూ దానికీ. నేను వద్దన్నా. "ఎందుకు అత్తా, చక్కగా కనపడుతుంది కదా, నీకు కావాల్సింది అదే కదా" అంది, అదీ నిజమే, నా దగ్గర గబుక్కున జవాబు లేదు. రెండు రోజులు ఆలోచిస్తే తెలిసింది ఏమిటంటే, ఈ కాలంలో పెండ్లి కబురు అందడానికి కాగితం అక్కరలేదు. వాట్సాప్‌లో పీడీఎఫ్ ఎప్పుడో పోయింది, నాలుగైదొందల మందికి ఒకేసారి, దాంట్లో ఎవరి పేరూ లేదు. ఆఫీసులో వాళ్లు, అపార్ట్‌మెంట్ గ్రూపు, అందరూ దండం బొమ్మ పెట్టేశారు. అట్లాంటప్పుడు ఇంత డబ్బు పోసి ఈ నీలం కవరు ఎవరికి ఇస్తున్నాం? బొట్టు పెట్టి పిలవాల్సిన వాళ్లకు, పిలవకపోతే మనసు కష్టపెట్టుకునే వాళ్లకు. వాళ్ల కవరు మీద కొత్తగా ఉన్న సమాచారం అంటూ ఏదైనా ఉంటే అది వాళ్ల పేరే. పెండ్లి ఎప్పుడో, ఎక్కడో వాళ్లకు ముందే తెలుసు. ఆ ఒక్క ముక్కను కరెంటు బిల్లులాగా స్టిక్కర్ అంటిస్తే మిగిలిందేముంది అని అడిగా. అది ఒప్పుకోలేదు కానీ ఫోన్‌లో వెతికి తెల్ల జెల్ పెన్నులు ఆరు ఆర్డర్ పెట్టింది. మా ఇంట్లో ఒప్పుకోవడం అంటే అదే.

తెల్ల పెన్ను రాగానే అంతా సులువైపోయిందనుకోకండి. జెల్ పెన్నులను జపాన్‌లో సకూరా కంపెనీ 1984లో తెచ్చింది, యూనిబాల్ సిగ్నోలో కూడా తెల్లది ఉంది, ఈ రెండూ మంచివే, కానీ తెల్ల సిరా స్వభావమే వేరు. అందులో పొడి బరువైనది, అడుక్కు దిగిపోతుంది. రాయనప్పుడు మూత పెట్టి, ముల్లు కిందికి ఉండేలా గ్లాసులో నిలబెట్టాలి. మెరుపు పూత మీద పెన్ను ముల్లులోని గుండు దొర్లకుండా జారిపోతుంది, సగం అక్షరం పడి సగం పడదు. అప్పుడు దాన్ని హవాయి చెప్పు అడుగున రెండు సార్లు గీకితే మళ్లీ కదులుతుంది. (పెండ్లి పత్రికల పక్కన చెప్పు పెట్టుకుని కూర్చున్నానని మా అమ్మకు ఇప్పటికీ తెలియదు.) ఒకసారి రాసిన గీత మీద, ఆరాక, ఇంకోసారి పోనిస్తే పాలలాగా తెల్లగా వస్తుంది. తడిగా ఉన్నప్పుడు పోనిస్తే మాత్రం ముందు రాసింది లేచిపోతుంది.

గీతలు వంకర పోవడం ఇంకో తంటా. లేత కవర్లయితే లోపల లావు గీతలు కొట్టిన కాగితం పెడతాం, అది పైకి లీలగా కనపడుతుంది, దాన్ని పట్టుకుని రాసుకుంటూ పోవచ్చు. ముదురు కవరులోంచి ఏదీ కనపడదు. పెన్సిల్‌తో గీస్తే బూడిద రంగు మెరుపు మిగులుతుంది, చెరిపితే పూత పోతుంది. మూడో రోజు మా పక్కింటి పిల్లవాడి పలక చూసి తట్టింది, బలపం! మెత్తటి రాయి బలపంతో, స్కేలు పెట్టి, ఒత్తకుండా సన్నటి గీత కొడితే రాసేంతవరకు కనపడుతుంది, సిరా ఆరాక మెత్తటి నూలు గుడ్డతో తుడిస్తే గుర్తు కూడా ఉండదు. టైలర్లు వాడే చాక్ కూడా పనిచేస్తుంది కానీ దాని గీత లావు. రెండు రూపాయల బలపం చేసిన పని అంగడాయన ఇచ్చిన ఏ పెన్నూ చేయలేదు.

ఇక తెలుగు రాసేవాళ్లకు మాత్రమే ఉండే ఇబ్బంది ఒకటుంది, దీని గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు. ముదురు దాని మీద తెలుపు ఎప్పుడూ ఉన్నదానికంటే లావుగా కనపడుతుంది. కంటికి సహజంగా కలిగే భ్రమ అది, హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే దాని మీద రాశాడు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు దాంతో వచ్చే నష్టం పెద్దగా లేదు, కడ్డీల్లాంటి అక్షరాలు కొంచెం లావైనా తెలిసిపోతాయి. మన అక్షరాలన్నీ పొట్టలు, ముడులు. 'ర' పొట్టలో సిరా చుక్క పడితే 'ఠ' అయి కూర్చుంటుంది. 'ద' కింద చిన్న గీత ఉంటే 'ధ', లేకపోతే 'ద', బలపం గీత చెరపకపోతే ఏది గీతో ఏది అక్షరమో తెలియదు. నేను రాసిన ఒక 'రాధ' 'రాద'గా పోయింది. 'లక్ష్మి'లో క్ష కింద మ, దాని పైన గుడి, ఇవన్నీ ఒకే గూట్లో ఇరికిస్తే తెల్ల ముద్ద. 'సుబ్రహ్మణ్యం' గురించి చెప్పక్కర్లేదు, అందులో మూడు ఒత్తులు. అందుకని రెండు పనులు చేశా. పెన్ను సన్నటిది, అర మిల్లీమీటరు దగ్గర్లో ఉండేది. అక్షరం మాత్రం మామూలుగా రాసేదానికి ఒకటిన్నర రెట్లు, పంక్తికీ పంక్తికీ మధ్య ఒత్తులు పట్టేటంత చోటు. కవరు మీద చోటు చాలదనుకుంటారు కానీ పేరు ఒక్కటే అయితే ఎంత పెద్ద అక్షరమైనా పడుతుంది.

ఆరబెట్టడం. పూత ఉన్న కాగితం సిరాను పీల్చుకోదు, పైన అట్లాగే నిలబడి గాలికి ఆరాలి. పది రాసి, చాప మీద విడివిడిగా పరిచి, పావుగంట తర్వాత ఇంకో పది. వైశాఖం ఎండల్లో తిరుపతిలో ఫ్యాను కింద కూర్చున్నా చేతికి చెమట పడుతుంది, మణికట్టు కింద ఒక కాగితం ముక్క పెట్టుకోకపోతే రాసిన పేరు చేతికి అంటుకుని వచ్చేస్తుంది. కవరుకు మూడు నిమిషాల లెక్కన 280కి 14 గంటలు. నాలుగు సాయంత్రాలు పట్టింది. పసుపు కవర్లకైతే ఒక మధ్యాహ్నంలో అయిపోయేది.

కానీ ఈ నెమ్మది వల్ల ఒకటి జరిగింది. బాల్‌పెన్నుతో గబగబా రాసేటప్పుడు నేను నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు దింపేసేదాన్ని. ఇప్పుడు ఒక్కో పేరు దగ్గర మూడు నిమిషాలు ఆగాల్సి వచ్చేసరికి ఏం రాస్తున్నానో కనపడటం మొదలైంది. మా నాయన చేతిరాతలో ఉన్న ఆ పాత జాబితాలో మగవాళ్లకు 'మ.రా.రా.శ్రీ', చిన్నవాళ్లకు 'చి.', భర్త పోయిన ఆడవాళ్లకు 'గం.భా.స.' అని ఉంది. కోడలు పిల్ల "గం.భా.స. అంటే ఏంది అత్తా" అని అడిగింది. గంగాభాగీరథీ సమానురాలు అని చెప్పా. "అంటే గొప్పే కదా?" అంది. గొప్పే, కానీ కవరు చూసిన ప్రతివాడికీ ఆమెకు మొగుడు లేడని చెప్పే గొప్ప. ఇంతకుముందు ఎన్ని పెండ్లిళ్లకు మా చంద్రగిరి పెద్దమ్మ కవరు మీద అది రాశానో నాకే గుర్తులేదు. ఈసారి 'శ్రీమతి' అని, ఆమె పూర్తి పేరు, కింద 'గారికి' అని పెద్దగా రాశా. కొన్ని పెండ్లిళ్లకైతే ఆమె పేరు విడిగా లేకుండా 'పెద్దకొడుకు & ఫ్యామిలీ'లో కలిసిపోయింది. ఇవ్వడానికి పోయినప్పుడు కవరు తీసుకుని, తెల్ల అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా కూడబలుక్కుని చదువుకుంది. ఏమీ అనలేదు, కాఫీ పెట్టడానికి లేచింది.

అట్లాగే '& ఫ్యామిలీ' నాకు ఇష్టం లేదు. భార్యాభర్తలిద్దరి పేర్లూ రాసి 'కుటుంబ సమేతంగా' అంటే సరిపోతుంది. ఆడవాళ్ల పేర్లు తెలియక నేను ఏడెనిమిది ఇళ్లకు ఫోన్లు చేయాల్సి వచ్చింది, మా బంధువుల ఇళ్లకే! సరే, అది వేరే వ్యాసం.

పోస్టులో పోయేవి 43. చేత్తో ఇచ్చే కవరు, పోస్టులో పోయే కవరు ఒకటే అనుకోవడం దగ్గరే అందరూ దెబ్బతింటారని నా అనుమానం. చేత్తో ఇచ్చేదానికి పేరు చాలు. పోస్టులో పోయేదాన్ని మనకు తెలియని నలుగురు చదవాలి, గబగబా, కట్టల మధ్యలో. అందుకే వాటిమీద పైన పేరు తెల్ల సిరాతో చేత్తో రాసి, కింద అరచేయంత తెల్ల కాగితం అంటించి, దాని మీద నల్ల బాల్‌పెన్నుతో చిరునామా, ఫోన్ నంబరు, పిన్‌కోడ్. కోడలు పిల్ల "ఇప్పుడు నువ్వే అంటిస్తున్నావు కదా" అని ఎత్తిపొడిచింది. అంటిస్తున్నా. పేరు పిలుపు, చిరునామా దారి. దారి ఎంత తేటగా ఉంటే అంత మంచిది. చెన్నై, బెంగళూరు పోయే వాటికి ఇంగ్లీషులో, మన జిల్లాల్లోని వాటికి తెలుగులో రాశా. కుప్పం వాళ్లకు మాత్రం రెండింటిలోనూ రాశా, ఆ ఊరు మూడు రాష్ట్రాల మూలన ఉంది కాబట్టి.

పిన్‌కోడ్ మీద మా అన్నకు ఒక సందేహం వచ్చింది. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు నుంచి తిరుపతి జిల్లా విడిపోయింది కదా, కోడ్‌లు కూడా మారాయా అని. మారలేదు. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ మొదలైనప్పుడు ఇచ్చిన లెక్క వేరు, పోస్టు వాళ్ల దారుల లెక్క. చిత్తూరు 517001, తిరుపతి 517501, మదనపల్లె 517325, జిల్లాలు ఎన్ని ముక్కలైనా మొదటి మూడంకెలు అవే. నెల్లూరు నుంచి మన జిల్లాలోకి వచ్చిన సూళ్లూరుపేట వైపు మాత్రం ఇప్పటికీ 524. అందుకని జిల్లా పేరు తప్పు పడినా పర్వాలేదు, ఆ ఆరంకెలు తేటగా ఉంటే కవరు చేరుతుంది. ఆ ఆరంకెలను గోల్డ్‌తో రాసినవాళ్లకు నా సానుభూతి.

పసుపు దగ్గర ఇంకో పొరపాటు జరిగింది. అన్నీ రాసి, గీతలు తుడిచి, కట్టలు కట్టి పెట్టాక మా అమ్మ పసుపు గిన్నె తెచ్చుకుని కూర్చుంది. ఆమె పసుపును నీళ్లతో తడిపి, వేలితో మూలలకు పెడుతుంది, ఎప్పుడూ అట్లే. ముదురు నీలం మీద పసుపు మట్టి మరకలాగా పడింది, కుంకుమ అయితే పడిందో లేదో తెలియదు. "కనపడల్యా, ఇంకొంచెం పెడతా" అని ఇంకొంచెం పెట్టింది. ఆ తడి వేలు నాలుగైదు పేర్ల మీదికి జారి తెల్ల సిరా పాకిపోయింది. ఆమెను ఏమంటాం. మిగిలిన వాటికి లోపలి క్రీమ్ పత్రిక మూలలకే పసుపు పెట్టించాం, పెడితే పూలరేకులా కనపడింది, ఆమె కూడా తృప్తి పడింది. పాడైన ఆ నాలుగైదూ నేను మళ్లీ రాశా.

మొదటి పత్రిక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా ఇంట్లో మొదటిది స్వామికి. తిరుపతి కె.టి. రోడ్డులోని టీటీడీ పరిపాలనా భవనానికి, కార్యనిర్వహణాధికారి చిరునామాతో శ్రీవారి పేర శుభలేఖ పంపితే అక్షింతలు, కుంకుమ, కంకణం వస్తాయి, ఎక్కడెక్కడి నుంచో జనం పంపుతారు. మేము ఊర్లోనే ఉండి, ఆటోలో పదిహేను నిమిషాల్లో పోయి ఇవ్వగలిగినా మా అమ్మ పోస్టులోనే వేయిస్తుంది, పిలుపు అందరికీ పోయినట్టే ఆయనకూ పోవాలట. దానికి నీలం కవరు వాడనివ్వలేదు. ఎప్పటిదో ఒక పసుపు కవరు బీరువాలోంచి తీసి ఇచ్చింది. నీలం బాల్‌పెన్నుతో అర నిమిషంలో రాసేశా, చేతికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

గోల్డ్‌తో రాసిన మొదటి పది కవర్లు ఏం చేశారని అడుగుతారేమో. తొమ్మిది పక్కన పడేశాం. ఒకటి మాత్రం, ఎట్లా కలిసిందో, పోస్టు కట్టలో కలిసి వెళ్లిపోయింది. పేరూ చిరునామా అంతా గోల్డే. అది పుంగనూరు దగ్గర మా నాయన పాత స్నేహితుడికి పోవాల్సింది. పెండ్లి అయిన మూడో వారం, తోరణాలు ఎండి రాలుతున్నప్పుడు, తిరిగి మా ఇంటికే వచ్చింది. నయం, వెనకాల మా చిరునామా అచ్చులో ఉంది. అన్న ఆ పెద్దాయనకు ఫోన్ చేసి అరగంట క్షమాపణలు చెప్పుకున్నాడు. ఆ కవరును అన్నే నాకు చూపించాడు. ఎందుకు తిప్పి పంపారో రాయాలి కదా, పోస్టుమ్యాన్ పాపం ఆ నీలం మీద బాల్‌పెన్నుతో రాయబోయి, గీతలు పడక, ఒక తెల్ల కాగితం ముక్క చించి అంటించాడు. దాని మీద వంకర అక్షరాలతో ఉంది: 'చిరునామా తెలియుట లేదు'. అదొక్కటే ఆ కవరు మీద ట్యూబ్‌లైటు కింద కూడా చదవగలిగిన ముక్క.